గద్దె మీద సాయవ్వ

1998 ఏప్రిల్ 6, సోమవారం, పొద్దున తొమ్మిదిన్నరకు మా బాపు నన్ను గద్దె మీది నుంచి దించి, అక్కడ సాయవ్వను కూర్చోబెట్టాడు. అప్పటికి నేను గద్దె ఎక్కి యాభై మూడు రోజులైంది.

ఆర్మూర్ గంజ్ గల్లీలో మాది పసుపు అడ్తి దుకాణం. రైతు పసుపు తెచ్చి మా ముందు కుప్ప పోస్తాడు. కొనే ఖరీదుదారు వస్తాడు. రైతు తరఫున బేరం చేసేది గద్దె మీద ఉన్న మనిషి. మా తాత కూర్చున్నాడు, తర్వాత బాపు కూర్చున్నాడు. ఇంటివాళ్ళు కాని వాళ్ళెవరూ ఎప్పుడూ కూర్చోలేదు. సాయవ్వ కుప్పలకు పది అడుగుల దూరంలో చాప మీద ఉండేది. పసుపు ఏరే పదకొండు మంది ఆడవాళ్ళకు ఆమె పెద్ద.

జనవరి 19న బాపుకు పక్షవాతం వచ్చింది. మాట పోలేదు. కుడి చెయ్యి, కుడి కాలు పట్టు తప్పాయి. నిజామాబాద్ దవాఖానలో పన్నెండు రోజులు ఉంచి ఇంటికి పంపారు. కుడిచేతి వేళ్ళకు రోజూ గంటసేపు ఏదో ఒక పని పెట్టమని డాక్టర్ చెప్పాడు. మా అమ్మ విద్యావతి గిన్నెలో శనగలు పోసి ఒక్కొక్కటి ఏరి పక్కన పెట్టమంది. బాపు రెండు రోజులు ఏరాడు. మూడో రోజు గిన్నె నెట్టేశాడు.

"నేనేమన్న కోడినా?" అన్నాడు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. పెర్కిట్ చౌరస్తాలో కిరాణా దుకాణం పైన ఒక కంప్యూటర్ సెంటర్ ఉండేది. రెండు కంప్యూటర్లు. అక్కడ పాఠాలు చెప్పేవాణ్ణి. తాళంచెవి నా దగ్గరే ఉండేది. క్లాసులు తొమ్మిదింటికి. ఏడింటికి బాపును ఆటోలో తీసుకుపోయి, కుడిచెయ్యి మౌస్ మీద పెట్టి, వేలు నొక్కడం నేర్పాను. ఊరికే నొక్కమంటే నొక్కే మనిషి కాదు. కంప్యూటర్‌లో రాజ్యం ఆట ఒకటి ఉంటే అది తెరిచాను.

ఆ ఆటలో ఆడేవాడు రాజు. ఎనిమిది కోటలుంటాయి. ఒక్కో కోటకు ఒక్కో అధికారిని పెట్టాలి. తెర మీద ఇరవై మంది జాబితా వస్తుంది. రాజు చుట్టాలైతే పేరు పక్కన కిరీటం గుర్తు ఉంటుంది. ప్రతి ఒక్కరికీ రెండు అంకెలు: ఒకటి విశ్వాసం, రెండోది పనితనం. ఏడాదికోసారి అధికారులను మార్చుకోవచ్చు. ఆటలో ఏడాది అంటే పది నిమిషాలు.

"గీ మీసాలాయన ఎవ్వలు?" బాపు అడిగాడు.

"రాజు బామ్మర్ది."

"అయితే మీ మామ దత్తాత్రి లెక్క. ఎంతున్నయ్?"

"విశ్వాసం తొంబై ఆరు. పనితనం ముప్పై నాలుగు."

"తొంబై ఆరు సాలు. పెద్ద కోట ఇచ్చెయ్యి."

"పనితనం తక్కువున్నది బాపు."

"పని ఎవ్వడన్న నేర్సుకుంటడు. ఇమానం నేర్పిస్తె వస్తదా?"

ఎనిమిది కోటలకూ కిరీటం గుర్తు ఉన్నవాళ్ళనే పెట్టాడు. పదకొండో ఏట రాజ్యం పోయింది. చివరగా పోయింది బామ్మర్ది కోట. తలుపులు తీయొద్దని బాపు ఆజ్ఞ ఇచ్చాడు. శత్రువులు బయట పంట తగలబెడుతున్నా అతను తలుపులు తీయలేదు. లోపల గింజలు అయిపోయాయి.

"చెప్పిందే చేసిండు గదరా," అన్నాడు బాపు.

"చెప్పిందే చేసిండు. గంతే చేసిండు."

ఫిబ్రవరి రెండో వారానికి గంజ్‌లోకి కొత్త పసుపు రావడం మొదలైంది. గద్దె ఖాళీగా ఉంది. దత్తాత్రి మామ ఇంటికి వచ్చాడు. అమ్మకు సొంత తమ్ముడు. గల్లీలో పెద్ద ఖరీదుదారు.

"కొడుకుండంగ ఎవ్వలను అడుగుతవ్ బావా?" అన్నాడు.

"వీనికి పొడుగు కొమ్ముకు, గుండు మండకు గూడ తేడా తెల్వదు."

"నేర్సుకుంటడు. మేమందరం లేమా? గంజ్‌ల మనోడు గూసుంటె ఆ ధైర్నమే వేరు."

అమ్మ చాయ్ తెచ్చి తమ్ముడి పక్కన నిలబడింది. ఫిబ్రవరి 12న నేను గద్దె ఎక్కాను. క్లాసులు ఇంకొకరికి అప్పగించి, తాళంచెవి నా దగ్గరే ఉంచుకున్నాను. బాపును పొద్దున పెర్కిట్ తీసుకుపోవడం మాత్రం మానలేదు.

మా గల్లీలో ధర నోటితో చెప్పేవారు కాదు. ఖరీదుదారు భుజం మీది తువ్వాల తీసి చేతి మీద కప్పుకుని చాపుతాడు. గద్దె మీది మనిషి దాని కింద చెయ్యి పెడతాడు. వేళ్ళు పట్టుకుని బేరం చేసుకుంటారు. ఆనాటి మూల ధర అందరికీ తెలిసిందే, దాని పైన ఒక్కో వేలు ఒక్కో వంద. కుదరకపోతే చెయ్యి వెనక్కి లాక్కోవాలి. పక్కనున్న ఖరీదుదారుకు తెలియదు. కుప్ప పక్కన నిలబడ్డ రైతుకూ తెలియదు. తువ్వాల తీశాక రైతు చెవిలో చెబుతారు.

మార్చి 9న ఏర్గట్ల లచ్చన్న ఇరవై సంచులు తెచ్చాడు. వాళ్ళ నాయన మా తాత దగ్గరికి తెచ్చేవాడు. కుప్ప పోయగానే సాయవ్వ చాప మీది నుంచి లేచి వచ్చింది. ఒక కొమ్ము తీసి నా చెవి దగ్గర విరిచింది. టక్కుమంది. పక్క కుప్పలోంచి ఇంకోటి తీసి విరిచింది. అది వంగి విరిగింది, చప్పుడు రాలేదు.

"ఇన్నవా చిన్నసేటూ? లచ్చన్నది బాగ ఎండింది. జల్ది ఇడువకు," అంది.

నాకు రెండూ ఒకే రంగులో కనిపించాయి. సరేనన్నాను.

పదకొండింటికి దత్తాత్రి మామ వచ్చాడు. తువ్వాల చాపాడు. చెయ్యి పెట్టాను. మూడు వేళ్ళు పట్టుకున్నాడు.

"అమ్మ ఎట్లున్నదిరా?" అన్నాడు పైకి.

"మంచిగున్నది మామా."

నేను ఐదు వేళ్ళు పట్టుకున్నాను. ఆయన నా రెండు వేళ్ళు విడిపించి మళ్ళీ మూడే పట్టుకున్నాడు.

"మోకాళ్ళ నొప్పులంటుండె. నూనె వంపిన, రాస్తున్నదా?"

"రాస్తున్నది."

"నా కంటె ముందు నువ్వు గుర్తు చెయ్యాలె రా. కొడుకువు."

మూడు వేళ్ళ మీద పట్టు వదల్లేదు. చెయ్యి వెనక్కి లాక్కోవాలి. లాక్కోలేదు. తువ్వాల తీశాడు. లచ్చన్న చెవిలో ధర చెప్పాను. సాయవ్వ చాప మీది నుంచి చూసి మళ్ళీ తల వంచుకుంది.

మర్నాడు లచ్చన్న మళ్ళీ వచ్చాడు.

"చిన్నసేటూ, మా పక్క చేను పోచయ్య పసుపు నిన్న గల్లీల పైదిక్కు దుకాణంల వోయింది. నా దాని కంటె రెండు వేళ్ళు ఎక్కువ. ఆయన చేన్ల, నా చేన్ల ఒక్క కాల్వ నీళ్ళే."

నేను లెక్కల పుస్తకం తెరిచాను.

"నాది కొన్నది మీ మామనే గదా?"

"అవును."

"గట్లనా," అన్నాడు లచ్చన్న. తన ఖాళీ సంచులు ఇరవై లెక్కబెట్టి మడిచి, తాడు కట్టి, భుజాన వేసుకుని పోయాడు. గొడవ చేయలేదు.

ఏర్గట్ల నుంచి మా దుకాణానికి పద్నాలుగు ఇళ్ళ పసుపు వచ్చేది. మార్చి ఆఖరుకు ఆరు ఇళ్ళు మిగిలాయి. గంజ్‌లో దుకాణమంటే రైతులే. రైతులు పోతే బోర్డు మిగులుతుంది. మా గల్లీలో అట్లా బోర్డులు మిగిలిన దుకాణాలు మూడున్నాయి. వాటిలో ఒకదాన్ని సోడాలు పెట్టుకోను ఇచ్చారు.

బాపుకు లచ్చన్న సంగతి నేను చెప్పలేదు. తూకం వేసే బుచ్చన్న ఇంటికి వచ్చి చెప్పాడు. మర్నాడు పొద్దున ఆటో ఎక్కేటప్పుడు బాపు, "గియ్యాల కొత్త ఆట వెట్టు," అన్నాడు.

రెండో ఆటలో కిరీటం గుర్తున్న వాళ్ళకు ఒక్క కోట కూడా ఇవ్వలేదు. పనితనం ఎనభై దాటినవాళ్ళను ఏరి పెట్టాడు. ఉత్తరం కోటకు పెట్టిన మనిషికి పనితనం తొంభై ఒకటి, విశ్వాసం యాభై ఎనిమిది. బాపుకు మనసు ఆగలేదు. కాపలాగా ఉంటాడని రాజు తమ్ముణ్ణి ఆయన మీద పెట్టాడు. ఐదేళ్ళు కోట బాగా నడిచింది. ఆరో ఏట ఆ మనిషి కోట తలుపులు రాజుకే మూశాడు.

"బయటోడు బయటోడే," అన్నాడు బాపు. వారం రోజులు ఆట పెట్టమనలేదు. ఖాళీ తెర మీద బాణం గుర్తును అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. మార్చి 24న ఎడమచెయ్యి సాయం లేకుండా కుడి చూపుడువేలితో మొదటిసారి నొక్కాడు. మర్నాడు ఆట మళ్ళీ పెట్టమన్నాడు. ఉత్తరం కోటకు అదే మనిషిని, ఆయన మీద అదే తమ్ముణ్ణి పెట్టాడు.

"మల్ల గాయననేనా?"

"ఊకో. ఎట్ల వోయిందో చూద్దాం."

ఒక్కో ఏడాది దాటగానే ఆపించి అంకెలు చదివించుకున్నాడు. మొదటి ఏడు యాభై ఎనిమిది. రెండో ఏడు నలభై తొమ్మిది.

"ఎందుకు దిగింది?"

"ఆయన మీద నీ తమ్మున్ని పెట్టినవ్ గదా."

"తియ్యి వాన్ని."

తీశాను. మూడో ఏడు నలభై తొమ్మిదే ఉంది. దిగలేదు.

బాపు తెర మీది తమ్ముణ్ణి వేలితో చూపించాడు. "గిప్పుడు తమ్మున్ని గాయన కింద వెట్టు," అన్నాడు.

"కిందనా?"

"కింద. నౌకరు లెక్క."

నాలుగో ఏడు ఆ మనిషి విశ్వాసం యాభై మూడుకు ఎక్కింది. తమ్ముడి పనితనం ముప్పై నాలుగు నుంచి ముప్పై ఐదు అయింది. బాపు ఆరు పొద్దుటి పూటలు ఆ ఒక్క కోటనే చూశాడు. మిగతా ఏడు కోటల్లో మూడు పోయాయి. పట్టించుకోలేదు. ఆరో రోజుకు తమ్ముడి అంకె నలభై ఒకటి.

ఏప్రిల్ 4న, ఆటోలో ఇంటికి వస్తుంటే అడిగాడు.

"ఎనబై తొమ్మిదిల మీ చిన్నాయినను ఏరేటోళ్ళ మీద పెట్టిన. యాదికున్నదా?"

"ఉన్నది. గా యేడు సాయవ్వ రాలే."

"బీడీలు చుట్టుకుంట ఇంట్ల గూసున్నది. పై దుకాణపోళ్ళు పిలిస్తె గూడ వోలే. మీ చిన్నాయిన బోధన్ వోయినంక మల్ల వచ్చి చాపల గూసున్నది. నేను వోయి పిలువలే."

"అయితే?"

"గామె నంబర్ దిగింది, మల్ల ఎక్కింది. నాకు కనవడలే."

ఆటో పెర్కిట్ దాటి ఊళ్ళోకి వచ్చింది.

"నీ నంబర్లు నీకెర్కేనా?" అన్నాడు.

"ఇమానం తొంబై ఆరు."

"రెండోది?"

ఇల్లు వచ్చింది. నేను దిగి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

ఏప్రిల్ 6న బాపు పక్షవాతం తర్వాత మొదటిసారి దుకాణానికి వచ్చాడు. ఆటోలోంచి బుచ్చన్న దింపాడు. కట్టె పట్టుకుని గద్దె ముందు నిలబడ్డాడు.

"దిగురా," అన్నాడు నాతో.

దిగాను.

"సాయవ్వా, ఇటు రా."

సాయవ్వ కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"కూసో."

"నేనా సేటూ? నాకు చాపల మంచిగనే ఉన్నది."

"నాకే మంచిగలేదు. కూసో."

"మరి చిన్నసేటు?"

"నీ కింద ఉంటడు. పని నేర్పు."

ఏరే ఆడవాళ్ళ చేతులు ఆగాయి. సాయవ్వ వెంటనే కూర్చోలేదు.

"రెండు మాటలున్నయ్ సేటూ."

"చెప్పు."

"తువ్వాల కింద చెయ్యి పెట్ట. పరాయి మొగోని చేతుల చెయ్యి వెట్టి ఇంటికి వోలేను. నా బదులు ఇంకొగలతోటి పెట్టియ్య. ధర నోటితోటి చెప్పాలె. కుప్ప కాడున్న రైతు ఇనాలె. ఇరవై ఏండ్ల సంది పది అడుగుల దూరంల గూసున్న. నేనేరిన పసుపు ఎంతకు వోయిందో నాకు ఒక్కనాడు తెల్వదు."

"గల్లీల ఎవ్వలు ఒప్పుకోరు."

"ఒప్పుకోకుంటె నా చాప నాకున్నది."

బాపు కట్టె చేయి మార్చుకున్నాడు. "రెండోది?"

"మీ తమ్మున్ని పెట్టినట్టు నా మీద ఇంకొగన్ని పెట్టొద్దు."

"పెట్ట. గది తెలుసుకున్న."

సాయవ్వ గద్దె అంచు మీద కూర్చుంది. దిండుకు ఆనుకోలేదు. నేను వెళ్ళి ఆమె చాప మీద కూర్చున్నాను. పక్కనున్న ఆమె కొంచెం జరిగింది.

దత్తాత్రి మామ ఎప్పటిలాగే పదకొండింటికి వచ్చాడు. తువ్వాల చాపి గద్దె వైపు చూశాడు. తర్వాత చాప వైపు చూశాడు.

"ఏందిరా భూమేశ్, అక్కడ గూసున్నవ్?"

"నేర్సుకుంటున్న మామా."

"ఏం నేర్సుకుంటవ్, బీడీలు చుట్టుడా?"

"బీడీలు నాకొస్తయ్ సేటూ," అంది సాయవ్వ. "కావాలంటె మీకు గూడ నేర్పిస్త. ముందుగాల ధర చెప్పుండ్రి. నోటితోటి."

మామ బాపు వైపు తిరిగాడు. "నా మేనల్లున్ని నేలమీద గూసోబెట్టి, ఆడిదానితోటి నాకు బేరం వెడ్తవా బావా?"

"పసుపు చూడు దత్తాత్రీ. ఎవ్వలు గూసుంటె ఏంది?"

మామ తువ్వాల దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం గల్లీలో ఖరీదుదారులు ఆరుగురు కలిసి మాట్లాడుకున్నారని బుచ్చన్న చెప్పాడు. మర్నాటి నుంచి మా దుకాణం ముందు ఎవరూ ఆగలేదు. ఉన్న రెండు కుప్పల్లో ఒకటి దొంకేశ్వర్ రైతుది. రెండు రోజులు చూసి ఎత్తుకుపోయాడు. ఇంకోదాని రైతు మూడో రోజు ఎత్తుకుపోయాడు.

ఏప్రిల్ 8న లచ్చన్న వచ్చాడు. ఐదు సంచులు మాత్రం తెచ్చాడు.

"నోటితోటి చెప్తరట గదా," అన్నాడు సాయవ్వతో. "ముప్పై ఆరు ఇంటికాడున్నయ్. ముందు గీ ఐదు. నా చెవులతోటి యిన్నంకనే అవి."

"ఖరీదుదార్లు వస్తలేరు లచ్చన్నా. ముందే చెప్తున్న."

"రానీ, రాకపోనీ. తొమ్మిది నెలలు చేన్ల ఆగిన. గీడ ఆగలేనా?"

ఐదు సంచులు కుప్ప పోసి వెళ్ళాడు. రోజు విడిచి రోజు ఏర్గట్ల నుంచి బస్సులో వచ్చేవాడు. కుప్ప పక్కన గొంతుక్కూర్చుని, మధ్యాహ్నం బస్సుకు పోయేవాడు.

ఇంట్లో అమ్మ నాలుగు రోజులు బాపుతో మాట్లాడలేదు. నాతో చెప్పించేది. "మీ బాపుకు చెప్పు, గోలీలు అల్మారిల ఉన్నయ్." బాపు ఎదురుగానే ఉండేవాడు. "మీ అమ్మకు చెప్పు, ఏసుకున్న," అనేవాడు. బాపు ఇక పెర్కిట్ రాలేదు. మూడో ఆట అట్లాగే సగంలో ఉండిపోయింది. పొద్దున లేచి నాతోపాటు దుకాణానికే వచ్చేవాడు. గద్దెకు ఎదురుగా కుర్చీ వేసుకుని, కుడిచేత్తో కొమ్ములు ఒక్కొక్కటి తీసి పళ్ళెంలో వేసేవాడు.

సాయవ్వ నన్ను చిన్నసేటూ అనడం మానేసింది. "ఓ పిలగా" అనేది. బేరాలు లేవు కాబట్టి ఆమెకు తీరిక ఉంది. నన్ను గోడ వైపు తిరిగి కూర్చోమని, వెనక నిలబడి కొమ్ములు విరిచేది.

"ఎండిందా, లేదా?"

"ఎండింది."

"లేదు. ఇంకోటి. గిది?"

"లేదు."

"ఎండింది. వెనక్కి చూడకు. కండ్లకు పనిచెప్పకు పిలగా. రంగు అబద్ధమాడుతది. పాలిష్ వట్టినంక అన్ని పసుపే. ఇను."

మొదటి రోజు పదిలో మూడు సరిగ్గా చెప్పాను. ఐదో రోజు నాలుగు. ఏరే ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. ఒకామె, "గోడకు చెప్తున్నడా, నీకు చెప్తున్నడా సాయవ్వా?" అంది. నేను లేచిపోలేదు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు వరకు కూర్చున్నాను. ఇంటికి పోయి గదిలో కొమ్ములు విరుచుకున్నాను.

ఏప్రిల్ 11న అమ్మ దుకాణానికి వచ్చింది. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళలో అంతకుముందు రాలేదు. చేతిలో సద్దిగిన్నెలు ఉన్నాయి. నేను గోడ వైపు తిరిగి ఉన్నాను. చప్పుడు విని చెబుతున్నాను. అమ్మ వచ్చిన సంగతి నాకు తెలియదు.

"వస్తున్నదా వీనికి?" అని వెనక అమ్మ గొంతు వినిపించింది.

"పదిట్ల నాలుగు అమ్మా," అంది సాయవ్వ. గద్దె మీది నుంచి లేవబోయింది.

"కూసో. మొదలు ఎన్ని చెప్తుండె?"

"మూడు."

అమ్మ గిన్నెలు కింద పెట్టింది. రెండున్నాయి. ఒకటి నా ముందు, ఒకటి సాయవ్వ ముందు పెట్టింది. రెండింట్లోనూ జొన్నరొట్టె, వంకాయ కూర. బాపుకు ఏమీ తేలేదు. ఆ సాయంత్రం ఇంట్లో, "మాటలాడితెనే అన్నమా?" అని బాపు నేరుగా ఆమెనే అడిగాడు. ఆమె నేరుగా జవాబు చెప్పింది. ఏం చెప్పిందో ఇక్కడ రాయను.

ఏప్రిల్ 15న మధ్యాహ్నం గాలివాన వచ్చింది. సాయవ్వ, నేను, బుచ్చన్న కలిసి లచ్చన్న కుప్పను తాడిపత్రి పట్టాతో కప్పి, అంచులు తొక్కి పట్టి నిలబడ్డాం. ఇరవై నిమిషాలు పడింది. కుప్ప తడవలేదు. వాన వెలిశాక పత్రి తీసి సాయవ్వ అడుగు నుంచి ఒక కొమ్ము లాగి విరిచింది. టక్కుమంది. ఆ రోజు లచ్చన్న రాలేదు.

19న, ఆదివారం, అమ్మ దత్తాత్రి మామ ఇంటికి వెళ్ళింది. పొద్దున పోయి సాయంత్రం వచ్చింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తర్వాత ఇద్దరినీ అడిగాను. ఇద్దరూ చెప్పలేదు.

22న, బుధవారం, పదకొండింటికి దత్తాత్రి మామ మా దుకాణం ముందు ఆగాడు. బాపును చూశాడు. బాపు పళ్ళెంలోని కొమ్ములు చూసుకుంటున్నాడు. లచ్చన్న కుప్ప పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. మామ కుప్పలో చెయ్యి పెట్టి, పైకి తీసి, జారవిడిచాడు. తువ్వాల చేతి మీద వేసుకుని గద్దె వైపు చాపాడు. అలవాటు.

సాయవ్వ కుప్పలోంచి ఒక కొమ్ము తీసి విరిచింది. రెండు ముక్కలూ ఆ తువ్వాల మీద పెట్టింది.

"ధర చెప్పుండ్రి సేటూ."

మామ ముక్కలు చూశాడు. నోట్లో నోట్లో ఏదో అన్నాడు.

"ఇనవడలే."

"మూడు," అన్నాడు మామ, కొంచెం గట్టిగా. "పైన మూడొందలు."

సాయవ్వ నా వైపు తిరిగింది. "ఓ పిలగా. ఇన్నవా విరిచింది?"

"ఇన్న."

"ఎండిందా, లేదా?"

"ఎండింది."

"మరి మీ మామకు చెప్పు."

చాప మీది నుంచి లేచాను. "సాలదు మామా."

మామ నా వైపు చూశాడు.

"అమ్మ ఎట్లున్నదిరా?" అన్నాడు.

"మంచిగున్నది. మొన్న మీ ఇంటికే వచ్చె గదా. ధర సాలదు."

ఏరే ఆడవాళ్ళలో ఎవరో నవ్వారు. మామ నవ్వలేదు. ఒక ముక్క తీసుకుని విరిచిన వైపు గోటితో గీరి చూశాడు. ముక్క జేబులో వేసుకున్నాడు. తువ్వాల మడిచి భుజాన పెట్టుకున్నాడు.

"ఐదు," అన్నాడు. పక్క దుకాణం వాళ్ళకు కూడా వినిపించింది.

సాయవ్వ వెంటనే ఒప్పుకోలేదు. "ఏమంటవ్ లచ్చన్నా?" అంది.

లచ్చన్న లేచి నిలబడ్డాడు. "ఇంకోపారి చెప్పమను," అన్నాడు.

"ఐదయ్యా, ఐదు," అన్నాడు మామ. "చెవిటోనివా?"

"కాదు సేటూ. కొత్తగున్నది."

"సరేనా?"

"సరే."

బుచ్చన్న ఐదు సంచులు తూచాడు. సాయంత్రం దుకాణం కట్టేసేటప్పుడు బాపు కుర్చీలోంచి సాయవ్వను అడిగాడు.

"మావోని నంబర్ ఎంతకొచ్చింది?"

"పదిట్ల ఎనిమిది."

"ఇమానం?"

"గది నన్నెందుకు అడుగుతవ్ సేటూ? ఇంట్ల చూసుకో."

మర్నాడు, ఏప్రిల్ 23, గురువారం, పొద్దున తొమ్మిదీ నలభైకి లచ్చన్న ముప్పై ఆరు సంచులతో ట్రాక్టర్ మా దుకాణం ముందు ఆపాడు. దాని వెనక ఇంకో ట్రాక్టర్ ఉంది. అది లచ్చన్న పక్క చేను పోచయ్యది.